కుడి భుజం

మార్చి 8, ఆదివారం

నేను వద్దన్నాను. ముందుగా ఆ మాట రాసి పెట్టుకోవాలి.

ఇది మావాడి బరువులు రాసే పుస్తకం. ఆరేళ్ళుగా రోజూ పొద్దున్నే వాణ్ణి కాటా ఎక్కించి రాస్తున్నాను. నిన్నటి తేదీకి ఎదురుగా 64.8 అని ఉంది. జాతీయ బాక్సింగ్ జట్టు ట్రయల్స్ ఈ నెల 29న. అప్పటికి 63.5కి దిగాలి. ఇవాళ్టి గడి ఖాళీ. వాడు పోలీస్ స్టేషన్లో ఉన్నాడు. అక్కడ కాటా ఉండదు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. రంగుల మిల్లులో సమ్మె మొదలై నిన్నటికి పదకొండు రోజులు. గేటుకి ఇటు కార్మికులు, అటు కాంట్రాక్టరు తెచ్చి నిలబెట్టిన నల్లచొక్కాల వాళ్ళు. ఆ చొక్కాల్లో ఒకటి మా అక్క కొడుకు ఒంటిమీద ఉంది. జిమ్‌లో వాణ్ణి అందరూ గూటం అంటారు. ఎడమ చెయ్యి అలా పడుతుంది మరి. నిన్న మధ్యాహ్నం తోపులాటలో పెద్దాయన ముందుకొచ్చాడు. అద్దకం సెక్షన్లో ముప్పై ఏళ్ళు చేసి మోచేతుల దాకా నీలం ఎక్కిన మనిషి. వాడి కుడి భుజం మీద చెయ్యి వేసి "ఇంటికి పో నాయనా" అన్నాడట. అంతే, ఎడమ చెయ్యి లేచింది. ఒక్క దెబ్బ, పక్కటెముకల కింద. పెద్దాయన వెనక్కి పడ్డాడు. తల కాలిబాట అంచుకి కొట్టుకుంది. ఇంకా కళ్ళు తెరవలేదు.

తోపులాటలో ఎవరైనా చెయ్యి విసురుతారు. వీడు విసిరితే మాత్రం వార్త.

పెద్దాయన జేబులో సమ్మె కరపత్రం దొరికిందట. అది రాసింది నేనే. ఈ ఊళ్ళో మిల్లు కార్మికుల తరఫున ఇరవై ఏళ్ళుగా ప్రతి కరపత్రమూ నేనే రాస్తున్నాను. అలాంటివాడు తన మేనల్లుణ్ణి ఆ గేటు దగ్గరికి పంపిస్తాడా? ఆ కాంట్రాక్టరు వాణ్ణి ఎలా పట్టాడో, ఏం చెప్పి లాక్కెళ్ళాడో నాకు తెలియదు.

నేను వద్దన్నాను.

మార్చి 9

అక్క డ్యూటీ దిగి నేరుగా మా జిమ్ షెడ్డుకొచ్చింది. తను ఆస్పత్రి లాండ్రీలో పనిచేస్తుంది. ఆ ఆస్పత్రిలోనే పెద్దాయన ఉన్నాడు.

"చూశావా?" అన్నాను.

"చూశా. వాళ్ళమ్మాయి పక్కనే కూర్చుంది. నేనెవరో తనకి తెలీదు. దుప్పటి మార్చమంది. మార్చా."

బ్యాగుల మధ్య బల్లమీద కూర్చుని చాలాసేపు తన చేతులు చూసుకుంది. సోడాకి వేళ్ళ చివర్లు తెల్లగా ఉబ్బి ఉన్నాయి.

"ఒరేయ్, వాడు గేటు దగ్గరికి ఎందుకెళ్ళాడ్రా?"

"నన్నడుగుతావేంటక్కా? ఆ కాంట్రాక్టర్ని అడుగు. ఈ వ్యవస్థనడుగు. లేనివాడి పిడికిలిని అద్దెకి తీసుకుని లేనివాడి మీదకే వదలడం వాళ్ళకి కొత్తా? వందేళ్ళుగా..."

"వ్యవస్థ మా ఇంటికి భోజనానికి రాదు. నువ్వొస్తావు. అందుకే నిన్నడుగుతున్నా."

నాకు చాలా పనుందని చెప్పాను.

మార్చి 10

పేపర్లో నాలుగో పేజీ. "మరో బాక్సర్ చేజేతులా భవిష్యత్తు పాడుచేసుకున్నాడు." రాసినవాడు మెత్తటి కుర్చీలో కూర్చుని, చల్లటి గదిలో, కాలు మీద కాలేసుకుని రాసి ఉంటాడు. చేజేతులా! ఎవరి చేతులు? వాడి చేతులు చూశావా నువ్వు? కలప డిపోలో దుంగలు మోసి మోసి అరచేతులు బెరడులా అయిపోయిన చేతులు. సాయంత్రం నేను పట్టీలు చుట్టేటప్పుడు గుడ్డకి పట్టుకుని గీరుకునే చేతులు.

మా షెడ్డు గోడకి నాలుగు ఫోటోలున్నాయి. ఈ పెద్దమనిషి వచ్చి వాటిముందు నిలబడాలి.

మొదటివాడు ఒక్క గుద్దుతో ఎవణ్ణయినా కూర్చోబెట్టేవాడు. సారా దుకాణానికి కాపలా పని దొరికింది. అక్కడి సరుకే వాణ్ణి తాగేసింది. రెండో ఫోటోలో ఉన్నది అమ్మాయి. అలాంటి కాళ్ళు నేను మళ్ళీ చూడలేదు, నేలకి ఆనినట్టే ఉండేవి కావు. పెళ్ళయ్యాక మొగుడు "మొహం మీద దెబ్బలు తగిలితే బాగోదు" అని మాన్పించాడు. తర్వాత ఆ మొహం మీద వాడే కొట్టాడు. మూడోవాణ్ణి ఒక నాయకుడు వెంట తిప్పుకున్నాడు. నాయకుడికి రావలసిన కత్తి వీడికొచ్చింది. నాలుగో ఫోటో నాది. మిల్లులో పాత సమ్మె, ఆర్నెల్ల జైలు, బయటికొచ్చేసరికి కాళ్ళలో పని అయిపోయింది.

నలుగురిలో ఒక్కరిని కూడా రింగులో ఎవడూ ఓడించలేదు. అందరినీ బయటే పడగొట్టారు. యజమాని, మొగుడు, నాయకుడు, పోలీసు. లెక్కపెట్టుకో అయ్యా పేపరాయనా, ఈ జాబితాలో ఎక్కడైనా వాళ్ళ శిక్షకుడున్నాడా?

మార్చి 11

కర్ర ఏదని జిమ్‌లో అడిగారు. విరిగిపోయిందన్నాను.

మార్చి 12

లాయరమ్మ దగ్గరికి వెళ్ళాను. చిన్న గది. ఫైళ్ళ మీద ఫైళ్ళు, వాటి మీద సగం తాగిన టీ గ్లాసు. యూనియన్ కేసులన్నీ ఆమే చూస్తుంది. ఎదుటిపక్షం మనిషి కోసం ఆమె దగ్గరికి వెళ్ళాల్సి వస్తోందని రాత్రంతా సిగ్గుపడ్డానుగానీ, ఆమె మాత్రం కుర్చీ చూపించి పెన్ను తీసింది.

"ఇంతకుముందు బయట ఎవరినైనా కొట్టాడా?"

"ఎన్నడూ లేదు. ఈగని కూడా కిటికీ తెరిచి బయటికి తోలతాడు."

"మరి ఈయన్నెందుకు కొట్టాడు?"

టీ గ్లాసు జారేలా ఉంటే పక్కకి జరిపాను.

"నేను లాకప్‌లో అడిగాను మాస్టారూ. 'భుజం తగిలింది మేడం' అన్నాడు. అదొక్కటే. ఎన్నిసార్లు అడిగినా అదే. భుజం తగిలితే కొట్టడమేంటి? మీ ఆటలో అలాంటిదేమైనా నేర్పుతారా? ఉంటే చెప్పండి. కావాలని కొట్టలేదని వాదించడానికి నాకదొక్కటే దారి. పెద్దాయనకి ఏదైనా అయితే హత్య కేసు అవుతుంది. అప్పుడు మీ ట్రయల్స్ సంగతి కాదు, వాడి యవ్వనం అంతా లోపలే."

అలాంటిదేమీ నేర్పం అని చెప్పాను.

ఎందుకలా చెప్పానో రాసుకోవాలి. ఇక్కడైనా.

కర్ర విరగలేదు. రింగు కింద, పాత పరుపుల వెనక దాచాను. చివర గుడ్డ చుట్టిన మూడడుగుల కర్ర. ఎదుటివాడి గ్లవ్ నీ కుడి భుజం దాకా వచ్చిందంటే వాడి పక్క ఖాళీగా ఉన్నట్టే. నువ్వది చూసి, అర్థం చేసుకుని, కొట్టేలోపల ఆ ఖాళీ మూసుకుపోతుంది. కాబట్టి చూడకు. తగలగానే కొట్టు. ఇదీ నేను నేర్పింది. కర్రతో కుడి భుజం మీద తడతాను, ఎడమ చెయ్యి వెళ్ళాలి. మాట్లాడుతుండగా తడతాను. నీళ్ళు తాగుతుండగా తడతాను. వెనకనుంచి తడతాను. మొదట్లో వాడు తిరిగి చూసేవాడు. చూసినప్పుడల్లా "చచ్చావు" అనేవాణ్ణి. రోజుకి రెండొందలసార్లు, ఆరేళ్ళు. చూడటం మానేశాడు. నాకు గర్వంగా ఉండేది. దేశంలో ఈ దెబ్బ ఇంత వేగంగా వేసేవాడు ఇంకొకడు లేడు.

ఇది కోర్టులో చెబితే బాక్సింగ్ సమాఖ్య నా లైసెన్సు రద్దు చేస్తుంది. లైసెన్సున్న శిక్షకుడు లేకుండా ట్రయల్స్‌లోకి రానివ్వరు. అప్పుడు రింగులో వాడి మూల దగ్గర నిలబడేదెవరు? వాడి కోసమే చెప్పలేదు.

వాడి కోసమే.

మార్చి 14

కాంట్రాక్టరు షెడ్డుకొచ్చాడు. బూట్లు విప్పకుండా రింగు అంచు మీద కూర్చున్నాడు. ఈ రేకుల షెడ్డు ఆయనదే కనక ఎక్కడైనా కూర్చోవచ్చు.

"మాస్టారూ, బంగారంలాంటి కుర్రాడు. నాకే కడుపు తరుక్కుపోతోంది."

"నీ కడుపు సంగతి నాకు తెలుసులే."

"కోపం తెచ్చుకోకండి. దారి చెప్పడానికొచ్చా. మీవాడు చిన్న స్టేట్‌మెంట్ ఇస్తే చాలు. ముందు సమ్మెవాళ్ళే రాళ్ళతో వచ్చారు, పెద్దాయన చేతిలో ఇనపరాడ్డు ఉంది, ప్రాణభయంతో కొట్టాను. అంతే. ఓ పదిమంది పేర్లు మేం ఇస్తాం. వీడు సాయంత్రానికి ఇంటికొస్తాడు, సమాఖ్యకి కావాల్సిన పోలీసు కాగితం కూడా నేనే ఇప్పిస్తా."

"పదిమందిని జైల్లో పెట్టించి సమ్మె విరగ్గొడతావన్నమాట."

"మీరు పెద్ద పెద్ద మాటలంటారు. నేను చిన్నవాణ్ణి. మొన్న ఒప్పుకున్నారు, ఇదీ ఒప్పుకోండి. అంతకన్నా ఏముంది?"

వెళ్తూ వెళ్తూ బ్యాగుని ఒక గుద్దు గుద్ది, నొప్పికి చెయ్యి విదిలించుకున్నాడు. ఇంకో రోజయితే నవ్వేవాణ్ణి.

మొన్న అంటే ఏమిటో కాస్త వివరంగా రాయాలి. నాలుగో తేదీన ఈయన వచ్చిన మాట నిజం. ట్రయల్స్ దాకా షెడ్డుకి తాళం వెయ్యను, మూడు రోజులు మీ కుర్రాళ్ళని గేటు దగ్గర నిలబెట్టండి అన్న మాట నిజం. నేను ఛీ పొమ్మన్నాను. మిగతా కుర్రాళ్ళెవరూ రారన్నాను. గూటం సంగతి అడిగితే, వాడు పెద్దవాడయ్యాడు, వాణ్ణే అడగండి అన్నాను. అంతే అన్నాను. దాన్ని ఒప్పుకోవడం అనరు. ఇరవైనాలుగేళ్ళ మనిషి నిర్ణయం ఆ మనిషిదే అనడం అతన్ని గౌరవించడం.

పైగా షెడ్డు నా ఒక్కడి కోసమా? ఇక్కడ పద్దెనిమిదిమంది తర్ఫీదు పొందుతున్నారు. షెడ్డుకి తాళం పడితే వాళ్ళంతా సారా దుకాణాలకి కాపలా వెళ్ళాలి. ఈ కోణం ఎవరూ చూడరు.

మార్చి 15

స్టేట్‌మెంట్ నేనే రాశాను.

కాంట్రాక్టరు గుమాస్తా రాసుకొచ్చింది చూస్తే అక్షరాలు అటూ ఇటూ తొక్కినట్టున్నాయి. పట్టుకుంటే పదిచోట్ల దొరికిపోతుంది. ఎలాగూ ఇచ్చేటప్పుడు నిలబడేది ఇవ్వాలి కదా. రెండు గంటలు కూర్చుని శుభ్రంగా రాశాను. రాళ్ళు ఎటువైపునుంచి వచ్చాయో, రాడ్డు ఎంత పొడవుందో. చదివితే నాకే నమ్మబుద్ధేసింది.

స్టేషన్లో ఊచలవతల నిలబడి వాడు రెండు పేజీలూ నిదానంగా చదివాడు. జిమ్‌లో నన్ను సార్ అంటాడు, మీరు అంటాడు. బయట మావయ్యా, నువ్వు.

"ఇది నువ్వే రాశావు కదా మావయ్యా?"

"వాళ్ళ గుమాస్తా రాశాడు."

"గుమాస్తాకి ఇన్ని కామాలు తెలీవు." నవ్వాడు. ఎనిమిది రోజుల గడ్డం, కళ్ళకింద నలుపు, ఆ నవ్వు మాత్రం వాళ్ళమ్మదే. "బాగా రాశావు. ఆ రాడ్డు నాకు కూడా కనిపించింది."

"సంతకం పెట్టరా. పద్నాలుగు రోజులే ఉన్నాయి. ఒళ్ళు చూడు ఎలా అయిపోయిందో. ఇక్కడ ఏం పెడుతున్నారు నీకు?"

"తాత చేతిలో కరపత్రం ఉంది మావయ్యా. మడత పెట్టి పట్టుకున్నాడు. నేను పడ్డాక... అదే, ఆయన పడ్డాక, నేనే తీసి ఆయన జేబులో పెట్టా. ఎగిరిపోతుందని."

కాగితాలు వెనక్కి ఇచ్చేశాడు. నలపలేదు, చింపలేదు. మడత కలిసేలా నాలుగు మడతలు పెట్టి ఇచ్చాడు.

"ఒకవేళ ఈ కేసు నీమీద..."

"నేను కొట్టా. కొట్టానని చెప్తా. మిగతాది నాకు తెలీదు."

నాకు ఒళ్ళు మండింది. చదువుకోనివాడి మొండితనం! ఆదర్శాలు వల్లించేవాళ్ళకి ఊచల అవతలి సంగతి తెలియదని వాడి మొహం మీదే అన్నాను. వాడు ఊచల అవతలే ఉన్నాడని ఇంటికొచ్చాక గుర్తొచ్చింది.

మార్చి 16

గడి ఖాళీ.

మార్చి 17

పెద్దాయన కళ్ళు తెరిచాడు. అక్క లాండ్రీ బండి తోసుకుంటూ వెళ్తుంటే వాళ్ళమ్మాయి గట్టిగా ఏడవడం వినిపించిందట. చచ్చిపోయాడేమోనని బండి వదిలేసి గోడ పట్టుకుని నిలబడిపోయిందట. తీరా చూస్తే అది సంతోషంతో ఏడుపు.

"అప్పుడు చెప్పేశాన్రా ఆ పిల్లకి, నేను వాడి తల్లినని" అంది.

"ఏమంది?"

"ఏమనలేదు. ఇన్నాళ్ళూ దుప్పట్లు మార్చింది మీరేనా అంది. నా చేతిలో దుప్పటి తీసుకుని తనే పరుచుకుంది."

మార్చి 18

66.3.

బెయిలొచ్చింది. లాయరమ్మ ఎలా తెచ్చిందో ఆమెకే తెలియాలి. కళ్ళు తెరిచాడు కాబట్టి వచ్చిందని అంటోంది. పదకొండు రోజుల్లో రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు దించాలి. అదొక్కటే చాలదు. కేసు మూసేశారని పోలీసు కాగితం 27లోగా చేరితేనే సమాఖ్య పేరు ఉంచుతుంది. అది పెద్దాయన చెప్పే మాట మీద ఉంది.

వాణ్ణి పరిగెత్తించాను. బ్యాగు కొట్టాడు. వేగం ఉంది, బరువు ఉంది. ఏమీ పోలేదు. ఎవరేమన్నా సరే, ఏమీ పోలేదు.

కర్ర బయటికి తియ్యలేదు. ఎందుకని వాడూ అడగలేదు.

మార్చి 19

65.7.

కుర్రాళ్ళలో ఒకడు స్కిప్పింగ్ తాడు అడగడానికి వెనకనుంచి వెళ్ళి వాడి భుజం మీద చెయ్యేశాడు. గూటం రెండు చేతులూ చంకల్లో దోపుకుని గోడకి ఆనుకుపోయాడు. అందరూ నవ్వారు. "ఏరా, చక్కిలిగిలా?" అన్నారు. వాడూ నవ్వాడు.

అలసట.

మార్చి 21

64.9.

పెద్దాయన చూడాలన్నాడట. వాణ్ణి, నన్ను.

ఆరు మంచాల వార్డు. ఆయనది కిటికీ పక్కన. తలకి కట్టు, దుప్పటి మీద నీలం చేతులు. పద్నాలుగు రోజులు కడిగినా వదలని నీలం. మాట మెల్లగా వస్తోంది, ఒక్కో పదానికి ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. కూతురు మంచం అవతల చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఆమె కళ్ళు నా మీదనుంచి కదల్లేదు.

"ఏరా రాతగాడా" అన్నాడు నన్ను. ఎప్పుడూ అలాగే పిలుస్తాడు. "ఈసారి కరపత్రం... మరీ పొడుగైంది. సగం చదివేసరికే... పడిపోయా."

ఎవరూ నవ్వలేదు. తనే నవ్వుకున్నాడు, దగ్గొచ్చింది.

"ఏ చెయ్యి?" అని వాణ్ణి అడిగాడు.

వాడు ఎడమ చెయ్యి చూపించాడు. పెద్దాయన అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు, బజారులో కూరగాయ చూసినట్టు.

"కాలు జారిందని చెప్తా. పోలీసాయన మధ్యాహ్నం వస్తాడు."

"నాన్నా!" అంది కూతురు.

"ఊరుకోమ్మా. వీణ్ణి లోపలేస్తే... మిల్లుకేం నష్టం? రేపు ఇంకోణ్ణి తెచ్చి నిలబెడతారు." ఊపిరి తీసుకున్నాడు. "ఒకటి మాత్రం చెప్పు నాయనా. నువ్వు మా పిల్లాడివి. అక్కడికెందుకొచ్చావు?"

వాడు నావైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. నేలవైపు చూస్తూ నిలబడ్డాడు. కూతురు మాత్రం నన్నే చూస్తోంది. నా నోట్లోకి మాట వచ్చింది. 'మూడు రోజులే కదా అని' అన్న మాట. నాలుక మీద దాకా వచ్చింది. నేను చెప్పడానికి గొంతు సవరించుకునేలోపు వాడే అన్నాడు:

"నేనే వెళ్ళా తాతా. నాకే తెలివిలేక."

నేను గొంతు సవరించుకున్నాను.

వార్డులోంచి బయటికొచ్చాక మెట్ల దగ్గర వాడితో, "మంచి పని చేశావు. ఇప్పుడు కాగితం వచ్చేస్తుంది" అన్నాను. వాడు మెట్లు దిగుతూనే ఉన్నాడు.

మార్చి 22

64.6. పెద్దాయన చెప్పాల్సింది చెప్పాడు.

వాడిచేత ఆ మాట నేను అనిపించలేదు. నేను చెప్పబోతుంటే వాడే అడ్డొచ్చాడు. గొంతు సవరించుకోవడానికి ఎంతసేపు పడుతుంది? ఒక్క క్షణం ఆగి ఉంటే చెప్పేవాణ్ణి.

మార్చి 24

64.4. కాగితం రాలేదు.

సమాఖ్య ఆఫీసుకి వెళ్ళాను. గుమాస్తా తల ఎత్తకుండా, "మీవాడి మీద చాలా గొడవలున్నాయి కదండీ" అన్నాడు. మీ అధ్యక్షుడి మీద ఉన్నన్ని లేవన్నాను. బయటికి గెంటించబోయాడు. ఆటగాళ్ళ చెమట మీద కార్లలో తిరిగే వీళ్ళు నడవడికకి కాగితాలు అడుగుతారు! వీళ్ళ నడవడికకి కాగితం ఎవడిస్తాడు?

అరిచి వచ్చాక కాసేపు హాయిగా ఉంది. కాసేపే.

మార్చి 26

63.9. కాగితం వచ్చింది. లాయరమ్మ స్వయంగా తెచ్చిచ్చింది. నాలుగు రోజులు స్టేషన్ చుట్టూ తిరిగిందట. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగింది.

"ఆ భుజం సంగతి నాకు అర్థమైంది మాస్టారూ. మీ కుర్రాళ్ళు చెప్పారు, కర్ర గురించి. మీరు ముందే చెప్పి ఉంటే మొదటి వారంలోనే బెయిలొచ్చేది."

ట్రయల్స్ కోసం ఆగానన్నాను.

"ఎవరి ట్రయల్స్ కోసం?" అని వెళ్ళిపోయింది. లాయర్లకి ఆఖరి మాట తమదే కావాలి.

మార్చి 27

63.7. నీళ్ళు తగ్గించాం. పెదాలు పగిలాయి. దుప్పటి కప్పుకుని ఎండలో నడుస్తున్నాడు.

మార్చి 28

63.5. సరిగ్గా. కాటా ముల్లు నిలబడగానే వాడు గట్టిగా ఊపిరి వదిలాడు. దాంతో ముల్లు ఊగింది. ఇద్దరం కంగారు పడి, తర్వాత నవ్వుకున్నాం. మూడు వారాల్లో మొదటిసారి.

రేపు. రేపు ఒక్కటి అయిపోతే అన్నీ సర్దుకుంటాయి.

మార్చి 29

ఓడిపోయాడు.

రాయాలి. అన్నీ రాసినవాణ్ణి ఇది కూడా రాయాలి.

ఎదుటివాడు పొడుగు. చేతులు పొడుగు. మంచివాడే, కానీ గూటం ముందు ఎంత? మొదటి రౌండు మనదే. కాళ్ళు బాగా ఆడాయి, కుడి చెయ్యి సూదిలా వెళ్ళింది. స్టూలు మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చాను. "బాగుందిరా, వాడి ఎడమ చెయ్యి మరీ ముందుకి సాగుతోంది. నీ భుజం దాకా వస్తాడు. వచ్చాడంటే అయిపోయాడు" అన్నాను. తల ఊపాడు.

రెండో రౌండులో వచ్చాడు. గ్లవ్ వచ్చి కుడి భుజానికి తగిలింది. ఆరేళ్ళుగా ఆ తాకిడి కోసమే ఎదురుచూస్తున్నాను. వాడి పక్క మొత్తం తలుపు తీసినట్టు ఖాళీ. నా ఎడమ చెయ్యి నాకు తెలియకుండానే లేచింది, తాళ్ళవతల. మావాడిది లేవలేదు. భుజం దగ్గర కండరం ఒక్కసారి అదిరింది. మెడ తిరిగింది. చూశాడు. అప్పటికి ఆ ఖాళీ మూసుకుపోయింది, ఎదుటివాడి కుడి చెయ్యి దవడ మీద పడింది.

మూడో రౌండులో అలాగే నాలుగుసార్లు. "ఎడమ! ఎడమ!" అని అరిచాను. గొంతు పోయింది. నాలుగుసార్లూ చూశాడు. అయిదుగురు జడ్జీల్లో నలుగురు అటువైపు.

బట్టలు మార్చుకునే గదిలో నేను పట్టీలు విప్పుతున్నాను. వాడి చెయ్యి నా ఒళ్ళో ఉంది.

"తగిలింది కదరా?"

"తగిలింది సార్."

"మరి?"

"ఎవరి చెయ్యో అని చూశా సార్."

"రింగులో ఇంకెవరి చెయ్యి ఉంటుందిరా!"

"తెలుసు సార్. అయినా చూశా."

పట్టీ చాలా పొడుగు. విప్పుతూనే ఉన్నాను. చూడటానికి పట్టేది ఒక్క రెప్పపాటు. ఆరేళ్ళు కష్టపడి వాడిలోంచి నేను తీసేసింది ఆ రెప్పపాటునే. నీలం చెయ్యి ఒక్కసారి తగిలి దాన్ని మళ్ళీ పెట్టేసింది. ఇందులో ఏది ప్రతిభో ఏది వృథానో, ఇదివరకైతే నాలుగు పేజీల కరపత్రం రాసేవాణ్ణి.

పెద్దాయన మంచిమాట చెప్పడానికి వేసిన చేతిని వాడు చూసి ఉంటే కొట్టేవాడు కాదు. వాడికి చూడటం వచ్చు. మొదట్లో తిరిగి చూసేవాడు. "చచ్చావు" అన్నది నేను.

మార్చి 30

కాంట్రాక్టరు షెడ్డుకి తాళం వేశాడు. గోడమీది ఫోటోలు లోపలే ఉండిపోయాయి. సమ్మె నడుస్తోంది. కార్మికులు కొత్త కరపత్రం రాసిమ్మన్నారు, గూటం లాంటి కుర్రాళ్ళ బతుకులు ఎలా నాశనమవుతున్నాయో రాయమన్నారు. కాగితం తీసుకుని కూర్చున్నాను. యజమాని అని రాశాను. కాంట్రాక్టరు, పోలీసు, సమాఖ్య, పేపరు. అన్నీ నిజాలే, ఒక్కటీ కొట్టెయ్యలేను. అక్కడినుంచి పెన్ను కదల్లేదు.

కాగితం మడిచి జేబులో పెట్టుకుని అక్క ఇంటికి వెళ్ళాను. రెండు గదుల ఇల్లు. వాడు లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నిన్న సాయంత్రం నుంచి లేవలేదట. ట్రయల్స్ సంచి ముడి కూడా విప్పలేదు.

"అక్కా, నీకొకటి చెప్పాలి" అన్నాను.

తను బట్టలు మడతపెడుతోంది. ఆగలేదు.

"ఆ కాంట్రాక్టరు వచ్చినప్పుడు... వాణ్ణే అడగమన్నా. వాడు రానన్నాడు. 'అక్కడ తాతావాళ్ళుంటారు మావయ్యా, నావల్ల కాదు' అన్నాడు. నేనే ఫోన్ చేశా. మూడు రోజులే కదరా, ఊరికే నిలబడు, షెడ్డు పోతే నీ ట్రయల్స్ పోతాయి అన్నా. నేనే పొమ్మన్నా. వద్దనలేదు. ఒక్కసారి కూడా వద్దనలేదు."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను వాడికి వడ్డిస్తున్నా. పక్కనే ఉన్నా. మాట్లాడాక పళ్ళెం పక్కకి జరిపి లేచిపోయాడు." చొక్కా మడత మీద అరచెయ్యి రాసింది. "గొడవయ్యాక నువ్వు షెడ్డులో వ్యవస్థ గురించి చెప్తుంటే, ఎక్కడిదాకా వెళ్తావోనని చూస్తూ కూర్చున్నా."

"మరి అడగలేదేం?"

"అడిగాగా! ఎందుకెళ్ళాడ్రా అని అడిగా. పనుందన్నావు."

అందరికీ తెలుసు. అక్కకి తెలుసు, లాయరమ్మకి తెలుసు, మంచం అవతల నిలబడ్డ ఆ కూతురికి తెలుసు. వాడికి తెలుసు. తెలియనిది ఈ పుస్తకానికొక్కదానికే.

జేబులో కాగితం తీసి, జాబితా పైన కాస్త చోటుంటే అక్కడ నా పేరు రాశాను. అది అచ్చవుతుంది. రేపు వార్డుకి వెళ్ళి పెద్దాయన ముందు కూడా చదువుతాను. గొంతు సవరించుకోకుండా.

లోపలి గదిలోకి వెళ్ళాను. అన్నం చల్లారిపోతోంది లేపమని అక్క అంది. వాడు గోడవైపు తిరిగి ఉన్నాడు, కుడి భుజం పైకి ఉంది. తట్టి లేపబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మంచం చుట్టూ తిరిగి, గోడకీ మంచానికీ మధ్య ఉన్న సందులో ఇరుక్కుని, వాడికి కనపడేలా మోకాళ్ళ మీద కూర్చున్నాను. కళ్ళు తెరిచే ఉన్నాయి.

గూటం అనలేదు. వాళ్ళమ్మ పెట్టిన పేరుతో పిలిచాను.

పలకలేదు. మళ్ళీ పిలిచాను.